పాత దావలో నీళ్ల కడవ

“ఈ కడవ ఎవరి కోసం వదినా? ఈ దావన కుక్క గూడా పోదు,” అని లింగమ్మ అననే అనింది.

సువార్తమ్మ చంకలోని నీళ్ల కడవను చుట్టకుదురు మీద దించి, మూత పెట్టి, మూత మీద సత్తులోటా బోర్లించింది.

లింగమ్మ మాటలో అబద్ధమేమీ లేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ తారురోడ్డు పడినాక ఈ పాత బండిదావను అడిగే నాథుడే లేడు. పత్తిబండ్లు అటు తిరిగిపోయినాయి. ఉరుకుంద దేవుని పరసకు పోయేవాళ్లు గూడా బస్సెక్కి పోతున్నారు. వానల్లేక దావ పొడుగునా తుమ్మచెట్లు సైతం మొండికట్టెలై నిలబడినాయి. కడవ పక్కనున్న మూడేండ్ల వేప ఒక్కటే పచ్చగా ఉంది. ముందుముందు నీడ అవుతుందని కడవకు ఆ తావు చూపించింది సువార్తమ్మ మొగుడు ఏసన్న.

బావి అడుగంటిందనీ, తన పిల్లోళ్లకే ఒక కడవ దొరకడం లేదనీ, ఈమె తెచ్చి దావన పెడుతోందనీ లింగమ్మ నిష్ఠూరమాడింది.

“సాయంత్రానికి రోజూ ఖాళీ అయితాంది గదా వదినా. ఎవరో నడుస్తాండారు. నా కొడుకు గూడా ఈ దావనే వస్తాడు. వానికి కొత్త రోడ్డు తెలీదు.”

కలరా ఏడు కూతురు దానమ్మ కన్నుమూస్తే, చెల్లెలి కడచూపుకు కొడుకు సీమోనును తోడుకొని రమ్మని ఏసన్నను ఆదోని పత్తిమిల్లుకు పంపింది. ఏసన్న మూడోనాడు ఒక్కడే వచ్చినాడు. కొడుకు బొంబాయికి పోయినాడన్నాడు. అంతే, మళ్లా ఆ మాట ఎత్తితే ఒట్టు. జాబు లేదు, కబురు లేదు. తల్లి కడుపు ఊరుకుంటుందా? దప్పికతో వచ్చే బిడ్డకు దావలో నీళ్లుండాలని మూడు వేసవులుగా ఆమె ఈ కడవ మోస్తోంది.

లింగమ్మ వదలలేదు. తాగేవాళ్లను కండ్లతో చూసినావా అని అడిగింది. సువార్తమ్మ, ఆ పక్కనే మేకలు కాస్తున్న ఏసన్నకు గూడా వినబడేట్టు అనింది.

“సరే. ఈ పొద్దు కడవ నిండుగా ఉంటే రేపట్నుంచి తేను. నా కొడుకు ఇంక రాడనుకుంటా.”

ఆడవాళ్లిద్దరూ ఊరి దిక్కు నడిచినారు.

మిట్టమధ్యాహ్నమైంది. దావలో ఒక తొండ తప్ప ఏదీ కదల్లేదు. ఏసన్న కడవ ముందర కూర్చున్నాడు. ఈ పొద్దుకు దీన్నిట్లే వదిలేద్దామనుకున్నాడు. ఒకనాడు గుండెలు బాదుకొని ఏడుస్తుంది, ఆమె నడుముకైనా ఈ మోత తప్పుతుంది. నోరుండీ మూగోడై మూడేండ్లు గడిపిన మనిషికి గూడా కొంచెం ఊపిరాడుతుంది.

వేప చిగుర్లు ఎండకు వాలిపోయి ఉన్నాయి. అవి చూసేసరికి ఆయనకు మనసు నిలవలేదు. రోజూ మాదిరే కడవ ఎత్తి, చెట్టు మొదట్లో నిదానంగా, చుక్క మిగలకుండా వంచినాడు. కడవను మళ్లా కుదురు మీద పెట్టి, మూత పెట్టి, లోటా ఎట్లుండేదో అట్లే బోర్లించినాడు.

“తాగు నాయనా,” అన్నాడు.

ఇంటికి వస్తూ దావలోనే కలరాకు పోయిన సీమోనును ఆయన పూడ్చింది ఆ వేప కిందనే.