మిగిలిన ఒక్క సీసా

ఇంటింటికీ ఏ పండు రసమైనా ఇచ్చే కుళాయిలు వచ్చాక రాజమండ్రిలో పండ్లు పిండుకునేవాళ్ళే లేకుండా పోయారు. పరంజ్యోతి మాత్రం ఏటా నేరేడు పళ్ళు ఉడికించి, పలచటి గుడ్డలో వడకట్టి, సీసాల్లో పోసేది. ఆమె పోయి ఏడాదైంది. ఆమె చేసిన రసం ఒక్క సీసా మిగిలింది. భర్త సత్యానందం దాని మూత తియ్యలేదు.

"ఒక్క చెంచా పోస్తే కుళాయి ఆ రుచి పట్టేస్తుంది నాన్నా. ఇక రోజూ అమ్మ చేసిన రసమే తాగొచ్చు," అంది కూతురు సుగుణ.

చాలా రోజులు ఆలోచించి ఆయన మూత తీసి, ఒక చెంచా కుళాయిలో పోశాడు. మర్నాడు కుళాయి గ్లాసు నింపింది. అదే వగరు, అదే శొంఠి ఘాటు. మొదటి గుక్కకే ఆయన కళ్ళు నిండాయి. వారం పాటు ఆత్రంగా తాగాడు. ఎనిమిదో రోజు గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఏం నాన్నా, రుచి మారిందా?"

"మారట్లేదమ్మా. మీ అమ్మ చేతిలో ఏ రెండేళ్ళూ ఒకేలా కుదిరేది కాదు. ఒక ఏడు తీపెక్కువ, ఒక ఏడు శొంఠెక్కువ. ఈ ఏడు ఎలా చేసేదో దీనికేం తెలుసు?"

జూన్‌లో ఆయన ఊరంతా తిరిగి, ఒక బడి ఆవరణలో రాలిన నేరేడు పళ్ళు ఏరుకొచ్చాడు. చొక్కా నిండా మరకలు చేసుకుంటూ తానే ఉడికించి, రెండు సీసాలు నింపాడు. సుగుణ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఒకటే వగరు! పంచదార మర్చిపోయావా నాన్నా?"

సత్యానందం కూడా తాగి చూశాడు. చాన్నాళ్ళకి నవ్వాడు.

"పెళ్ళైన కొత్తలో మీ అమ్మా ఇలాగే చేసింది," అన్నాడు, గ్లాసు మళ్ళీ నింపుకుంటూ.