అందరికీ ఒకే తేదీ

పొద్దున కాఫీ చల్లారేలోగా మా ఆయన కాలనీ మొత్తాన్ని చంపేశారు.

కాలనీ వెబ్‌సైట్ నేను నడిపినన్నాళ్ళూ మనిషికో ఫైలు ఉండేది. "ఏ కాలంలో ఉన్నావే?" అంటూ ఈయన అందర్నీ ఒకే డేటాబేస్‌లోకి ఎక్కించారు. పోయిన వారం మూడో అంతస్తు మాస్టారు పోయారు. ఇవాళ ఈయన ఆ పోయిన తేదీ కొట్టారు గానీ, ఎవరి పేరన వెయ్యాలో చెప్పడం మరిచారు. డేటాబేస్ అందరికీ అదే వేసేసింది.

గుమ్మం ముందు జనం పోగయ్యారు. "నిక్షేపంలా ఉన్నానమ్మా, కాస్త బతికించు!" అని వాచ్‌మన్ గోల.

"నేనూ పోయానటగా! ఇక వంట మీరే చూసుకోండి," అన్నాను ఈయనతో.

చివరికి నా పాత ఫైళ్ళే దిక్కయ్యాయి. వాటిలోంచి అందర్నీ మళ్ళీ ఎక్కించాం. జనం గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మాస్టారి భార్య ఒక్కరే మిగిలారు.

తెర మీద మాస్టారూ బతికే ఉన్నారు. పాత ఫైలు కదా మరి! మా ఆయన నాలుక్కరుచుకుని కీబోర్డు మీద చెయ్యి వేశారు.

ఆవిడ ఆ చెయ్యి పట్టుకున్నారు.

"అందరితోపాటే లేచారుగా బాబూ, ఇవాళ్టికి ఉండనీ."