ఫోన్‌లో అక్కా అన్న గొంతు

చిన్ని తాగింది నీళ్లు కాదు, థిన్నర్.

వరంగల్ చౌరస్తా దగ్గర చిన్ని తండ్రి మహిపాల్‌ది రంగుల దుకాణం. దాని వెనకే ఇల్లు. రంగుల్లో కలిపే ఆ థిన్నర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి గడప పక్కన పెట్టిన మహానుభావుడూ ఆయనే. మూడేళ్ల చిన్ని ఆ సీసా ఎత్తి ఓ గుక్క మింగి, దగ్గడం మొదలుపెట్టింది.

తల్లి పద్మలత, గోడ మీది స్టిక్కర్‌లో ఆపద సాయం నంబర్ కనిపిస్తే దానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"చెప్పు అక్కా, ఏమైంది?" అంది అవతల ఓ ఆడగొంతు.

"నా బిడ్డ థిన్నర్ తాగింది! జల్ది చెప్పుండ్రి, ఏం చెయ్యాలె?"

మహిపాల్ అప్పటికే గ్లాసులో ఉప్పునీళ్లు కలుపుతున్నాడు.

"తాపిచ్చి కక్కిద్దాం. అంత బయటికొస్తది."

"వద్దన్నా! కక్కిస్తే అది ఊపిరితిత్తులల్లకు పోతది. ఏం తాపకుండ్రి. కూసోవెట్టి పట్టుకొని దవాఖానకు ఉరుకుండ్రి."

మహిపాల్ మొహం మాడింది.

"అది మిషన్ పద్మా. గిప్పుడు గీ నంబర్లన్నిట్ల మిషన్లే మాట్లాడుతున్నయట."

"అచ్చం మన లెక్కనే మాట్లాడుతాంది గదా!"

"మన మాట గూడ నేర్సుకున్నది సూడు. దానికి పానం ఉంటదా, పాడుంటదా!"

పద్మలత ఫోన్ వైపు అనుమానంగా చూసింది. మిషన్ మాట నమ్మి బిడ్డను ఏం చేసుకోను?

"నేను మనిషినే అక్కా. జర నా మాట ఇను."

"అట్లనే అంటయి గవి," అంటూ మహిపాల్ గ్లాసు పాప నోటి దాకా తెచ్చాడు.

"అన్నా, నీకు దండం పెడ్త, ఆ ఉప్పునీళ్లు పారబొయ్యి!"

ఆ గొంతు వణికింది. పద్మలత ఏమనుకుందో ఏమో, గ్లాసును చేత్తో కొట్టేసింది.

ఆటోలో చిన్ని కళ్లు మూతలు పడుతున్నాయి.

"పాప పేరేంది అక్కా?"

"చిన్ని."

"చిన్నీ, అమ్మను సూడు బంగారం. ఇటు సూడు."

చిన్ని కళ్లు తెరిచి ఫోన్ వైపు చూసింది. పద్మలతకు ఇంకా భయమేసింది. ఆ భయమంతా ఫోన్ మీద చూపించింది.

"నా బిడ్డను పిలువకు! నీ మాట ఇనే కక్కియ్యకపోతిని. ఏమన్నయితే నువ్వు నాశనమైపోతవ్! ఇనుప డబ్బావు, కడుపుకోత నీకేం తెలుస్తది!"



"తిట్టక్కా, ఏం ఫికర్ లేదు. పాపను నువ్వే పిలుస్తుండు. నిద్రపోనియ్యకు. నేను లైన్లనే ఉన్న."

దవాఖాన మెట్లెక్కేదాకా ఆ గొంతు లైన్‌లోనే ఉంది. పద్మలత ఒక్క మాటైనా చెప్పకుండా కట్ చేసింది.

"కక్కించలేదు కదా?" డాక్టరమ్మ మొదట అడిగింది అదే. "బతికించుకున్నారు. కక్కించి ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు."

మహిపాల్ తల దించుకున్నాడు.

చిన్ని ఇంటికొచ్చి మళ్లీ ఇల్లు పీకి పందిరేస్తున్నా, పద్మలత మనసు మనసులో లేదు. మిషనే కావచ్చు, తిట్టిన తిట్లు తిట్లే కదా! ఓ పొద్దున ఉండబట్టలేక ఆ నంబర్‌కే చేసింది.

"చెప్పు అక్కా, ఏమైంది?"

అదే గొంతు. పద్మలతకు ఏడుపు ఆగలేదు.

"థిన్నర్ తాగిన చిన్ని వాళ్లమ్మను. ఆనాడు నిన్ను మస్తు తిట్టిన. మిషన్‌వైతే ఏంది చెల్లె, నా బిడ్డను నిలవెట్టినవ్. మాఫ్ చెయ్యి."

"నేను మిషన్‌నే అక్కా. కని ఆనాడు నీతోని మాట్లాడింది నేను గాదు."



"మరి గొంతు గిదే గదా!"

"ఈ గొంతు రమ్యది, ఆమె మనిషే అక్కా. భయంల ఉన్నోళ్లు ఎంత తిట్టినా ఎట్ల ఓర్సుకొని మాట్లాడాల్నో నీ ఫోన్ ఇనిపిచ్చే నాకు నేర్పిన్రు, నేను నేర్సుకున్నంక ఆమెను పనిల నుంచి తీసేసిన్రు."