ఎర్ర బ్యాండు

పరుగు పందెంలో తెన్నేటి పార్కు దాటుతూ సత్యశ్రీ చేతికేసి చూసుకుంది. మణికట్టు మీద ఎర్ర రబ్బరు బ్యాండు లేదు!

పరుగు వెనక్కి తిరిగే రుషికొండ మలుపు దగ్గర వాలంటీరు స్వయంగా తొడిగాడు. అది లేకపోతే ఆర్కే బీచ్‌లో గీత దాటినా దాటనట్టే. ఈ పరుగు మొదలైన రెండో ఏడు ఓ మహానుభావుడు దారిలో ఆటో ఎక్కి వచ్చి కప్పు పట్టుకుపోయాడట. అప్పట్నుంచీ మలుపులో బ్యాండు, గీత దగ్గర తనిఖీ. తొమ్మిదేళ్ళ చరిత్రలో ఎవరు బతిమాలినా వినలేదు.

ఆడవాళ్ళలో ఇప్పుడు తనే ముందుంది. గెలిస్తే స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి పేరు పంపుతానని కోచ్ దేవీప్రసాద్ మాటిచ్చాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. వెనక్కి పరిగెత్తి మళ్ళీ బ్యాండు తెచ్చుకునే లోపు పందెమే అయిపోతుంది.

ఎక్కడ పోయింది? సాగర్‌నగర్‌లో మంచినీళ్ళ బల్ల దాకా ఉంది, బాగా గుర్తు. అక్కడ గ్లాసుడు నీళ్ళు తాగింది. సముద్రపు గాలికి ఊడిపోయి మొహాన పడుతున్న జుట్టు పైకి దోపి ముడేసుకుంది. మళ్ళీ పరుగందుకుంది. అంతే! పక్కన కూడా ఎవరూ... ఉంది, ఆ చేపలావిడ ఉంది!

వెనక్కి చూసింది. ఇరవై అడుగుల్లో ఆవిడే, జాలరిపేట దేముడమ్మ, వస్తోంది. నలభై అయిదేళ్ళ మనిషి. చీర ఎగ్గట్టి, పాత కాన్వాసు బూట్లేసుకుని, రొప్పు లేకుండా పరిగెడుతోంది. చేతి గాజుల మధ్య ఎర్ర బ్యాండు. ఆవిడ మలుపు తిరగడం తను చూసిందా? లేదు. మరి ఆ బ్యాండు ఎక్కడిది?

సత్యశ్రీ ఒళ్ళు మండిపోయింది. జాలరిపేట దగ్గరికి రాగానే ఆగి, దేముడమ్మకు అడ్డం తిరిగింది.

"నా బ్యాండు ఇచ్చెయ్!"

"ఏ బ్యాండే గుంటా?"

"నీ సేతికున్నదే. నీళ్ళ కాడ నా పక్కన నువ్వే ఉన్నావు. నాది లాగేసినావు!"

"ఒలమ్మో! ఇది నాదే. మలుపు కాడ ఇచ్చినారు. నీదెక్కడ పారేసుకున్నావో సూసుకో."

"దొంగతనం సేసి బొంకుతన్నావా?"

రోడ్డు పక్కన చప్పట్లు ఆగిపోయాయి. చేపల బుట్టలు దించుకుని "దేముడమ్మా, బేగి బేగి!" అంటూ అరుస్తున్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతా ఆవిడ వీధివాళ్ళే. మొదటి ఏడు నుంచి ఒక్కసారైనా మానకుండా పరుగు పూర్తిచేసిన ఆడది దేముడమ్మ ఒక్కతేనని, ఇవాళ స్టేజీ మీద శాలువా కప్పుతామని తెల్లవారుజామున మైకులో చెప్పారు. పేటంతా పొంగిపోయి రోడ్డెక్కింది.

"అరవకే తల్లీ. మావోళ్ళంతా సూత్తన్నారు." దేముడమ్మ గొంతు తగ్గించింది.

"ఇత్తావా, పోలీసుని పిలవమంటావా?"

దూరంగా రోజారమణి పసుపు టీషర్టు కనిపించింది. పోయిన ఏడు ఫస్టొచ్చిన పిల్ల. సత్యశ్రీకి ఒక్కో క్షణం పోతుంటే ఉద్యోగమే కళ్ళముందు జారిపోతున్నట్టుంది.

దేముడమ్మ ఆ పసుపు టీషర్టునీ చూసింది, తన వీధివాళ్ళనీ చూసింది. బ్యాండు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గాజొకటి చిట్లి రోడ్డు మీద పడింది.

"నీకిదే ఆకరని మీ కోచి అంటంటే ఇన్నాను. తీసుకో. నాను మళ్ళీ ఏడు పరిగెడతాను. బేగెల్లు!"

సత్యశ్రీ లాక్కుని తొడుక్కుంది. తప్పు చెయ్యనిదైతే ఎందుకిస్తుంది? దొరికిపోయింది కాబట్టే ఇచ్చింది! ఆ కసితోనే మిగిలిన మూడు కిలోమీటర్లూ పరిగెత్తింది. రోజారమణి బూట్ల చప్పుడు చెవుల్లో మోగుతుండగా, రెండడుగుల తేడాతో గీత దాటేసింది.

తనిఖీకి నిలబడ్డ శ్రీరామ్మూర్తి మాస్టారు చెయ్యి చూసి, పేరు పక్కన టిక్కు పెట్టారు.

కాసేపటికి దేముడమ్మ వచ్చింది.

"బ్యాండేదమ్మా?"

"నేదు బాబూ."

"ఇన్నేళ్ళుగా పరిగెడుతున్నావు, నీకు తెలీని రూలా?" మాస్టారు బాధగానే అన్నారు. బాధగానే పేరు కొట్టేశారు. శాలువా మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టేశారు.

దేముడమ్మ ఒక్కసారి సత్యశ్రీ వైపు చూసింది. సత్యశ్రీ మొహం తిప్పుకుంది. దొంగకి ఆమాత్రం శాస్తి జరగాల్సిందే అనుకుంది. ఆవిడ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, జాలరిపేట వైపు నడిచిపోయింది.

అంతలో తల్లి తాయారు ఏడుస్తూ, నవ్వుతూ జనంలోంచి తోసుకొచ్చింది. గోపాలపట్నం నుంచి దువ్వెన కూడా తెచ్చుకుంది.

"ఈ తలకాయతో స్టేజీ ఎక్కుతావేటే? కూకో, జడేత్తాను."

మైకులో సత్యశ్రీ పేరు పిలుస్తున్నారు.

"బేగి కానీయమ్మా!"

"ఉండవే, ముడి సిక్కడిపోనాది..." తాయారు వేళ్ళు జుట్టులో కాసేపు తడుముకున్నాయి. "ఇదేటే? సేతికొకటీ, జుట్టుకొకటీ... నీకు రెండు ఎర్ర బ్యాండులిచ్చినారేటే?"