బావగారి భాగహారం

తలుపు తోయగానే తమ్ముడు ముక్కు మూసుకున్నాడు.

గదిలో కాలు పెట్టే చోటు లేదు. ఎక్కడ చూసినా లెక్కలు గీకిన కాగితాలే. వాటి మధ్య, నీళ్లు చూసి నెలలైన బనీనులో బావ. పెన్సిల్‌తో చెవిలో గుబిలి తీసుకున్నాడు. అదే పెన్సిల్‌తో టీ కలుపుకుని తాగాడు.

“బావా, ఉద్యోగం కూడా ఊడిందట. సిగ్గులేదూ?”

“ఉష్! ఎనిమిది వందల అరవై నాలుగు కోట్ల నలభై అయిదు లక్షల ఇరవై ఒక్క వేల తొమ్మిది వందల ఇరవై మూడు,” అన్నాడు బావ మంత్రం చదివినట్టు. “రెండుతో పోదు. మూడుతో పోదు. ఎనభై వేలు దాటి వచ్చాను, దేంతో భాగించినా శేషం మిగుల్తోంది. ప్రధాన సంఖ్యయ్యా ఇది! ఒకటీ, తనూ తప్ప దీన్ని భాగించే మొనగాడు పుట్టలేదు.”

“కంప్యూటర్‌లో కొడితే క్షణంలో తేలుతుందిగా.”

“అప్పుడది కంప్యూటర్ గొప్ప. నాదెలా అవుతుంది?” పళ్ల సందులో పాచి గోరుతో గీకి, కాగితం అంచుకు రాశాడు.

తమ్ముడు వంటింట్లోకి పారిపోయాడు. అక్కడ గిన్నెలు తళతళలాడుతున్నాయి. అక్క వంకర చిటికెన వేలు ఎడంగా పెట్టుకుని వంకాయలు తరుగుతోంది.

“ఆటో బయటే ఉంది. బట్టలు సర్దుకో అక్కా. నువ్వు ఊళ్లో పిల్లలకి లెక్కలు చెప్పి తెస్తుంటే, ఆ మనిషి కూర్చుని కంపు కొడుతున్నాడు. నాలుగేళ్లు వేగావు, చాలు.”

“ఇల్లు నాదిరా. నేనెందుకు కదలాలి?”

“ఇదొక ఇల్లా? ఆ చెత్తలో కాలు జారితే నడుం విరుగుతుంది. గచ్చు అద్దంలా ఉన్న రోజుల్లోనే నెలకోసారి జారిపడేదానివి! ఆ వేలు అలా విరిగిందేగా?”

“ఇప్పుడు పడటం లేదుగా,” అంది అక్క.

గదిలోంచి బావ అరిచాడు: “అయిపోవచ్చిందే! ఇది తేలనీ, తర్వాత నీ సంగతి చూస్తాను!”

అక్క చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

తమ్ముడు పళ్లు కొరికాడు. “అసలీ దరిద్రపు సంఖ్యని ఈయనకి అంటగట్టిన పాపాత్ముడెవడు? దొరికితే చెప్పుచ్చుకు కొడతాను.”

అక్క గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“రెండు ప్రధాన సంఖ్యల్ని గుణించి ఇచ్చింది నేనేరా, ఇది తేలగానే ఇవ్వడానికి ఇంతకంటే పెద్దది గుణించి పెట్టుకున్నాను కూడా, ఆ చేతిలో పెన్సిల్ ఉన్నన్నాళ్లూ అది నా మీదికి లేవదు.”