ఇరవై ఒక్క రోజుల మందు

అడవి అడవంతా తుమ్ముతోంది. ఏనుగు తుమ్మితే చెట్ల మీది కాయలు రాలుతున్నాయి, కుందేలు తుమ్మితే కుందేలే ఎగిరి పడుతోంది. సరిగ్గా అప్పుడే నక్క మందుల కొట్టు తెరిచింది. ఇంటికో పిల్లను ఇస్తే ఇంటిల్లిపాదికీ మందిస్తుందట!

చుక్కల కోడికీ ఈ కబురు అందింది. నిన్ననే గుడ్లు పగిలి బయటికొచ్చిన నాలుగు పిల్లలూ తుమ్ముతున్నాయి. వాటిలో ఏ పిల్లను ఇస్తుంది? నాలుగింటినీ వెంటబెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ వచ్చి వరసలో నిలబడింది.

నక్క పెద్ద కుండ మీద చెయ్యేసి గొప్పలు పోతోంది. "ఆషామాషీ మందనుకున్నారా? ఇరవై ఒక్క రోజులు నానబెట్టాను. ఒక్క రోజు తగ్గినా పని చెయ్యదు!"

ఇరవై ఒక్క రోజులంటే ఎంతో కోడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్ని రోజులూ గుడ్లు పొదిగి నిన్ననే లేచింది.

"నక్క బావా, నేను గుడ్ల మీద కూర్చున్న మొదటి రోజున అడవిలో ఒక్కరూ తుమ్మలేదే! ఈ తుమ్ములు మొదలై మూడు రోజులేగా. రాని రోగానికి మందెలా నానబెట్టావు?" అంది.

వరసలో ఉన్నవాళ్లంతా తుమ్మడం మర్చిపోయారు.

కోతి కన్ను నక్క వెనకున్న చిన్న కుండ మీద పడింది. "మరి ఇందులో ఏముందో?" అంటూ చెయ్యి చాపింది. మూత ఇంకా తియ్యనే లేదు, నక్క ముక్కు మూసుకుని పరుగు లంకించుకుంది.

"ఆగు బావా! తుమ్ముల పొడి చల్లకముందే దానికి విరుగుడు నానబెట్టుకున్నావన్నమాట! అంత మంచి మందు వదిలేసి పోతున్నావేం?" అని కేకేసి, కోడి గరిటె అందుకుంది. పిల్లల్ని వరసలో నిలబెట్టింది, నాలుగింటినీ.