నల్లమ్మ ఇంట్లో ఎందరు

ఎక్స్‌రే వ్యాను విడపనకల్లు దాటి వచ్చి, ఊరి బయట ఎండిన వేరుశనగ కళ్ళంలో ఆగింది.

క్షయ జబ్బు సర్వే. ఐదిళ్ళకొకటి చొప్పున ఏరి, ఆ ఇళ్ళలో అందరికీ రొమ్ము ఫోటో తీస్తారు. జబ్బుంటే మాత్రలు ఊరికే ఇస్తారు.

నల్లమ్మ ఇల్లు ఏరినవాటిలో పడింది.

"ఇంట్లో ఎంతమందమ్మా?" అని అడిగింది నర్సు సువార్తమ్మ.

"నేనొక్కదాన్నే. కొడుకుండె. సచ్చిపోయినాడు."

చెప్పి గబగబా లోపలికి పోయింది.

పక్కింటామె గొంతు తగ్గించింది. "యాడ సచ్చినాడమ్మా? చీర కట్టుకొని జోగప్పల్లో కలిసినాడు. వాళ్ళ నాయన బతికుండంగా కొట్టి తరిమినాడు. ఇప్పుడు నెత్తురు కక్కుతాండాడంట."

సువార్తమ్మ కాగితంలో ఒక్కరనే రాసుకుంది.

మధ్యాహ్నం ఎల్లమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని పెద్దక్క వచ్చింది. మగబిడ్డగా పుట్టి, అమ్మవారి పేరున చీర కట్టి, ఊరూరా అడుక్కుతినే జోగప్ప.

"నాకూ పొటో తీస్తారామ్మా?"

"ఏ ఇల్లు?" అన్నాడు డాక్టరు.

"ఇల్లుంటే ఈ బుట్ట ఎందుకెత్తుకుంటానప్పా?"

"ఏరిన ఇళ్ళే చూడాలి. మిగతావాళ్ళు లెక్కలోకి రారు."

"ఇల్లే లేనివాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు సార్? దగ్గు మాత్రం వస్తుంది కదా!" అంది సువార్తమ్మ.

డాక్టరు చెడ్డవాడేం కాదు. నవ్వేశాడు. "రేపు సాయంత్రం దాకా ఉంటాం. ఈమెకూ తీద్దాం. ఇంకా ఇలాంటివాళ్ళుంటే పిలుచుకురండి."

సువార్తమ్మ పెద్దక్క పక్కన కూర్చుంది.

"నల్లమ్మ బిడ్డ యాడుండాడు? మీవాళ్ళంతా యాడుంటారు?"

"చెప్పను. పోయినసారి ఎవరో అడిగితే చెప్పినా. తెల్లారేసరికి మావాళ్ళ జుట్లు కత్తిరించినారు."

సువార్తమ్మ నీళ్ళు తెచ్చిచ్చింది. మళ్ళీ పక్కనే కూర్చుంది.

చాలాసేపటికి పెద్దక్క బుట్టలోంచి అమ్మవారి పసుపు బండారు చిటికెడు తీసి ఆమె నుదుటి దాకా తెచ్చింది. మెడలో సిలువ కనపడి చేయి ఆగిపోయింది.

సువార్తమ్మ అరచేయి చాపింది.

పెద్దక్క అందులో అద్దింది. "ఒక్కరిని చూపిస్తా. ఇది చూస్తే తలుపు తీస్తారు. ఆ ఒక్కరు ఇంకొకరిని చూపిస్తారు."

మరునాడు పొద్దున్నే, పెద్దక్క చెప్పిన బ్రహ్మజెముడు పొదల వెనక గుడిసె. లోపల దగ్గు.

సువార్తమ్మ తలుపు సందులోంచి పసుపంటిన అరచేయి చూపింది.

తలుపు తెరుచుకుంది. పాత చీర, కత్తిరించిన జుట్టు, కళ్ళు మాత్రం అచ్చం నల్లమ్మవే.

"నేను వస్తాలే అక్కా. ముందు ఆ ఎండిన వంక అవతల ఒకామె ఉండాది, ఆమెకు నాకంటే దగ్గు జాస్తి. నేను చూపిస్తా రా."

ఆ వంక అవతలి ఆమె ఇంకొకరిని చూపింది. ఆమె ఇద్దరిని.

సాయంత్రం వాళ్ళందరూ కళ్ళంలోకి నడిచి వస్తుంటే ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. ఎవరో ఈల వేశారు. సువార్తమ్మ వాళ్ళ ముందుకొచ్చి నడిచింది.

డాక్టరు ఒక్కొక్కరినీ అడిగి, ఇల్లు లేదని రాసుకుంటున్నాడు.

చివర నల్లమ్మ బిడ్డ వంతు వచ్చింది.

"ఏ ఇల్లు?"

బిడ్డ కూడా లేదనబోయింది.

గుంపులోంచి నల్లమ్మ ముందుకొచ్చింది.

"మా ఇల్లే రాసుకో సామీ."

"ఒక్కదాన్నే అన్నావట?"

"అబద్ధం చెప్పినా. నా బిడ్డే."

ఈల ఆగిపోయింది.

"పేరు?"

నల్లమ్మ నోరు తెరిచింది. తను పెట్టిన పేరు నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

బిడ్డ వైపు తిరిగింది.

"ఇప్పుడు నీ పేరేందమ్మా?"